తిరుపతిలో తక్కువ ఫీజు డిగ్రీనా, బెంగళూరులో పన్నెండు లక్షల బీబీఏనా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్‌లో ఇంటర్ రిజల్ట్స్ రాగానే ఫోన్లు మొదలవుతాయి. చుట్టాలు, మా వీధి పిల్లలు, తిరుపతి కోర్లగుంటలో మా నాయన ప్రొవిజన్ షాపుకొచ్చే వాళ్ళు, అందరిదీ దాదాపు ఒకటే సమస్య. చేతిలో రెండు సీట్లు ఉంటాయి, ఒకటి ఇక్కడే తిరుపతిలోనో చిత్తూరులోనో తక్కువ ఫీజుది, ఇంకోటి బెంగళూరు చెన్నై వైపు పెద్ద పేరు, పెద్ద ఫీజు. నేను బీకాం ఇక్కడే చేసినా, మా పిన్ని కూతురు బీబీఏ బెంగళూరులో చేసింది, ఇద్దరి ఖర్చులూ కష్టాలూ దగ్గరనుంచి చూసినా కాబట్టి నన్ను అడుగుతారు. అడిగినవే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోండి, వరసగా చదవాల్సిన పని లేదు.

## అప్లై చేసే ముందు

బీబీఏనా బీకామా, ఏది తీసుకుంటే మంచిదక్కా?

సీఏ, ఆడిట్, ట్యాక్స్, బ్యాంక్ పరీక్షలు మనసులో ఉంటే బీకాం. సేల్స్, మార్కెటింగ్, హెచ్ఆర్, సొంత వ్యాపారం, తర్వాత ఎంబీఏ అనుకుంటే బీబీఏ. నిజం చెప్పాలంటే ఫ్రెషర్‌ని తీసుకునే చాలా కంపెనీలు ఈ రెండింటినీ ఒకే వరసలో నిలబెడతాయి. అందుకే బీబీఏ అనే పేరు కోసమే లక్షలు ఎక్కువ కట్టాల్సి వస్తే, అదే కాలేజీలోనో పక్క కాలేజీలోనో బీకాం ఎంత అవుతుందో ఒకసారి అడిగి చూడండి. సీఏ ఫౌండేషన్‌కి ఇంటర్ పాసైతే చాలు, డిగ్రీ అయ్యేదాకా ఆగక్కర్లేదు. డిగ్రీ తర్వాత ఫౌండేషన్ లేకుండా నేరుగా ఇంటర్మీడియట్ లెవెల్‌కి పోవాలంటే కామర్స్ వాళ్ళకి 55 శాతం ఉండాలి, మిగతా వాళ్ళకి 60.

నేను ఎంపీసీ, బీబీఏలో తీసుకుంటారా?

తీసుకుంటారు, బైపీసీ వాళ్ళని కూడా. మొదటి సెమిస్టర్‌లో అకౌంట్స్ కొత్తగా ఉంటుంది, సీఈసీ ఎంఈసీ నుంచి వచ్చిన వాళ్ళు జర్నల్ ఎంట్రీలు టకటకా వేస్తుంటే మనకి భయమేస్తుంది. మే నెలలో ఒక నెల అకౌంట్స్ బేసిక్స్ నేర్చుకుని పోతే సరిపోతుంది.

తక్కువ ఫీజు అంటే తక్కువ కాలేజీ అనే కదా?

కాదు, ఈ మాట మనసులోంచి ముందే తీసేయండి. ఫీజు తక్కువ ఉండేది ఎక్కువసార్లు వెనకాల ప్రభుత్వమో దేవస్థానమో ఉండబట్టి. తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ 1945 నాటిది, పద్మావతి మహిళా డిగ్రీ కాలేజీ 1952 నాటిది, మన ఊర్లో సగం మంది ఆఫీసర్లు, టీచర్లు అక్కడ చదివిన వాళ్ళే. ఎస్వీ యూనివర్సిటీ 1954లో వచ్చింది, ఆడపిల్లల కోసం పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చింది. చిత్తూరులో అయితే పీవీకేఎన్ గవర్నమెంట్ కాలేజీ ఉంది. అంతెందుకు, దేశంలో కామర్స్ అంటే ముందు చెప్పే ఢిల్లీ శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్‌లో కూడా ఏడాది ఫీజు వేలల్లోనే ఉంటుంది, లక్షల్లో కాదు.

ఢిల్లీ యూనివర్సిటీకి 2022 నుంచి సీయూఈటీ అనే దేశమంతటికీ ఒకటే ఉండే ఎంట్రన్స్ పరీక్ష స్కోర్ మీదే సీట్లు ఇస్తున్నారు. ఇంటర్ మార్కులు బాగా ఉండి ఇంగ్లిష్ మీద పట్టున్న పిల్లలు మన వైపు ఈ పరీక్ష రాయడమే లేదు, నాకు చానా బాధగా ఉంటుంది. తిరుపతి నుంచి ఏపీ సంపర్క్ క్రాంతి నేరుగా ఢిల్లీ పోతుంది. దూరమే, కానీ రూమ్, తిండి కలిపినా కొన్ని ప్రైవేట్ కాలేజీల ఫీజు కంటే తక్కువే అవ్వచ్చు. ఇంటర్ సెకండియర్‌లో ఉన్న వాళ్ళు అప్లికేషన్ తేదీ మిస్ కాకుండా చూసుకోండి.

కాలేజీకి అప్రూవల్ ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది?

2024-25 విద్యా సంవత్సరం నుంచి బీబీఏ, బీసీఏ, బీఎంఎస్ కోర్సులు ఏఐసీటీఈ (టెక్నికల్, మేనేజ్‌మెంట్ కోర్సులకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) కిందకి వచ్చినాయి. ఏఐసీటీఈ సైట్‌లో అప్రూవ్డ్ కాలేజీల లిస్ట్ ఉంటుంది, రాష్ట్రం, కోర్సు పెట్టి వెతకండి. బీకాం దీని కిందకి రాదు, దానికి ఏ యూనివర్సిటీ అఫిలియేషన్ ఉందో చూస్తే చాలు. బ్రోషర్‌లో "ఇంటర్నేషనల్" అని ఎంత పెద్దగా ఉన్నా చివరికి డిగ్రీ సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరు పడుతుందో నోరు తెరిచి అడగండి.

ఇంటర్ తర్వాత నేరుగా ఐఐఎంలో చేరొచ్చంట, నిజమేనా?

నిజమే. ఐఐఎం ఇండోర్ 2011లో ఐపీఎం అని డిగ్రీ, ఎంబీఏ కలిపిన ఐదేళ్ళ కోర్సు మొదలుపెట్టింది, తర్వాత రోహ్‌తక్, రాంచీ, జమ్మూ, బోధ్‌గయ కూడా పెట్టినాయి. ఇంటర్ తర్వాత పరీక్ష రాసి పోవాలి. పేరు చూసి సంతోషపడండి కానీ ఐదేళ్ళ ఫీజు మొత్తం ముందే కూడి చూడండి, అందులో చివరి రెండేళ్ళది ఎంబీఏ ఫీజు లాగానే ఉంటుంది. ఎంబీఏ కోసం క్యాట్ అనే ఎంట్రన్స్ మళ్ళీ రాయాల్సిన పని లేకపోవడం మాత్రం పెద్ద లాభమే.

## రెండు సీట్లు చేతిలో ఉన్నప్పుడు

ఫీజు తేడా ఎంతో సరిగ్గా ఎట్లా లెక్క వేయాలి?

చానా మంది మొదటి ఏడాది ట్యూషన్ ఫీజు మాత్రం చూసి "రెండు లక్షలే కదా, ఎట్లోకట్ల కట్టేద్దాం" అంటారు. మా పిన్నివాళ్ళు కూడా అట్లే అనుకున్నారు. అప్పుడు మా నాయన షాపులో బిల్లు పుస్తకం తిప్పి, వెనక తెల్ల పేజీ మీద మధ్యలో గీత కొట్టి, ఒకపక్క "బెంగ" ఇంకోపక్క "తిరు" అని రాసి, బియ్యం బస్తాల లెక్క వేసినట్టే ఒక్కోటీ కూడినాడు.

బెంగళూరు పక్క: ఫీజు ఏడాదికి 2.25 లక్షలు, మూడేళ్ళకి 6.75. హాస్టల్, మెస్ ఏడాదికి 1.4 లక్షలు, మూడేళ్ళకి 4.2. రాకపోకలు, ఫోన్, బట్టలు, ప్రాజెక్టులు, బయట తిండి ఏడాదికి 35 వేలు, మూడేళ్ళకి 1.05. మొత్తం 12 లక్షలు. తిరుపతి పక్క: ఫీజు 35 వేలు, బస్ పాస్, పుస్తకాలు, పరీక్ష ఫీజులు అన్నీ కలిపి 20 వేలు, మూడేళ్ళకి మొత్తం 1.65 లక్షలు. లాప్‌టాప్ రెండు పక్కలా కావాలి కాబట్టి కలపలేదు. తేడా 10.35 లక్షలు. మా పిన్ని ఆ కాగితం చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

మీ కాలేజీల అంకెలు వేరేగా ఉంటాయి, పద్ధతి ఇదే. ఏడాదికోసారి ఫీజు పెంచుతారా, పెంచితే ఎంత అని కాగితం మీద అడిగి తీసుకోండి. ఇప్పుడు నాలుగేళ్ళ ఆనర్స్ కూడా ఉంది కదా, మూడేళ్ళకే డిగ్రీ తీసుకుని బయటికి వస్తారా లేక నాలుగో ఏడు చదువుతారా అనేది ముందే అనుకోండి, నాలుగో ఏడు అంటే పై లెక్కలో మూడో వంతు ఇంకా కలిపినట్టే.

ఆ పది లక్షల తేడాకి అసలు ఏమొస్తుంది?

అడగాల్సిన ప్రశ్న ఇదే, కానీ తక్కువ మంది అడుగుతారు. "ఏ కాలేజీ మంచిది" అని అడిగితే జవాబు ఎప్పుడూ పెద్ద కాలేజీ వైపే వస్తుంది, అది సహజం. ఎక్కువ కట్టే డబ్బు ఏం తెచ్చిపెడుతుంది, అదే డబ్బు మన దగ్గరే ఉంటే ఇంకేం చేయగలదు అని అడగాలి.

తెచ్చిపెట్టేవి ఉన్నాయి, కాదనను. క్యాంపస్‌కి కంపెనీలు వస్తాయి. క్లాసులో పక్కన కూర్చునే వాళ్ళు బాగా చదివేవాళ్ళు, అన్ని రాష్ట్రాల వాళ్ళు అయితే వాళ్ళని చూసి మనం కూడా పరిగెత్తుతాం. మా చెల్లెలు, అదే పిన్ని కూతురు, తిరుపతిలో ఉన్నప్పుడు చుట్టాల ముందు కూడా నోరు విప్పేది కాదు, రెండో ఏడాదికల్లా నూట యాభై మంది ముందు మైక్ పట్టుకుని కేస్ ప్రెజెంటేషన్ ఇచ్చిందంటే నేను నమ్మలేదు, వీడియో చూసినాక నమ్మినా. సీనియర్లు ఇంటర్న్‌షిప్‌కి రెఫర్ చేస్తారు. ఊరు పెద్దది కాబట్టి శనివారం కూడా ఏదో ఒక పని నేర్చుకోవచ్చు.

కానీ ఇవన్నీ ఫీజు ఎక్కువున్న ప్రతి కాలేజీలో ఉండవు. ఏసీ క్లాసులు, గ్లాస్ బిల్డింగ్, ఫుడ్ కోర్ట్ ఉండి కంపెనీలు మాత్రం రాని కాలేజీలు బెంగళూరు చుట్టూ ఎన్నో ఉన్నాయి, ఆ పది లక్షలు బిల్డింగ్‌కి పోతాయి. నా లెక్క ఇట్లా: పేరున్న, పరీక్ష పెట్టి వడపోసి తీసుకునే కాలేజీ అయితే తేడా గురించి ఆలోచించండి. డబ్బు కడితే ఎవరికైనా సీటిచ్చే కాలేజీ అయితే ఆలోచన కూడా వద్దు, తిరుపతిలోనే చేరండి. ఎందుకంటే ఆ కాలేజీ పేరు రెజ్యూమెలో చూసి ఎవరూ ఆగరు. మిగిలిన డబ్బుతో సీఏ కోచింగ్, మంచి ఎంబీఏకి మొదటి ఏడాది ఫీజు, లేదా ఇంటికి అప్పు లేకుండా ఉండటం, వీటిలో ఏదో ఒకటి ఖచ్చితంగా అవుతుంది.

100 శాతం ప్లేస్‌మెంట్ అంటున్నారు, నమ్మొచ్చా?

నమ్మే ముందు ఒక పని చేయండి. ఎన్ఐఆర్ఎఫ్ (కేంద్రం కాలేజీలకి ఇచ్చే ర్యాంకులు) ర్యాంకింగ్‌కి అప్లై చేసే ప్రతి కాలేజీ తన డేటా ఇవ్వాలి, ఆ పీడీఎఫ్ ఎన్ఐఆర్ఎఫ్ సైట్‌లోనో కాలేజీ సైట్‌లోనో దొరుకుతుంది. అందులో మూడేళ్ళ యూజీ కోర్సుల వరస ఉంటుంది: ఎంతమంది చేరినారు, ఎంతమంది టైమ్‌కి పాసైనారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ళ మీడియన్ జీతం ఎంత, ఎంతమంది పైచదువులకి పోయినారు. మీడియన్ అంటే అందరినీ జీతం ప్రకారం వరసలో నిలబెడితే మధ్యలో నిలబడే మనిషి జీతం, ఒకరిద్దరి పెద్ద ప్యాకేజీలు దాన్ని పైకి లాగలేవు. ఒక్క జాగ్రత్త, ఆ అంకె మూడేళ్ళ డిగ్రీలన్నిటికీ కలిపి ఉంటుంది, బీబీఏకి విడిగా ఉండదు.

నేను ఒక కాలేజీ ఓపెన్ డేకి మా చెల్లెలితో పోయినప్పుడు కౌన్సెలర్ "హైయెస్ట్ 12 లక్షలు" అని మూడుసార్లు చెప్పినాడు. మీడియన్ ఎంత సార్ అంటే "అది ప్రతి బ్యాచ్‌కి మారుతుంది మేడమ్" అన్నాడు. పోయినేడు బ్యాచ్‌దే చెప్పండి అంటే కాఫీ తాగుతారా అని అడిగినాడు. ఆ కాలేజీలో చేర్చలేదు.

ఎట్లాగూ ఎంబీఏ చేస్తా కదా, డిగ్రీ ఎక్కడ చేస్తే ఏంటి?

నిజంగా చేసేవాళ్ళయితే నా సలహా డిగ్రీకి తక్కువ ఖర్చు పెట్టండి, డబ్బు ఎంబీఏకి దాచండి. క్యాట్ రాయడానికి ఏ డిగ్రీ అయినా 50 శాతం ఉంటే చాలు, ఎస్సీ ఎస్టీ, దివ్యాంగులకి 45. ఐఐఎంలు ఇంటర్వ్యూకి పిలిచేటప్పుడు చూసేవి క్యాట్ స్కోర్, పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, పని అనుభవం లాంటివి. డిగ్రీ కాలేజీ పేరుకి మార్కులు ఇచ్చినట్టు నేను ఎక్కడా చూడలేదు. పెద్ద ఐఐఎంలలో ఎంబీఏ ఫీజు 20 లక్షలు దాటిపోయింది, డిగ్రీకే పది లక్షల అప్పు చేసుకుని దాని మీద ఇంకో ఇరవై అంటే ఇల్లు తట్టుకోలేదు. ఏపీ ఐసెట్ రాసి ఎస్వీ యూనివర్సిటీలోనో మహిళా యూనివర్సిటీలోనో తక్కువలో ఎంబీఏ చేసే దారి కూడా ఉంది.

అయితే "ఎంబీఏ చేస్తా" అని చెప్పి డిగ్రీ తర్వాత ఉద్యోగంలో చేరిపోయేవాళ్ళే ఎక్కువ. మీరు ఆ రకం అయితే డిగ్రీయే మీ చివరి చదువు, అప్పుడు కాలేజీకి వచ్చే కంపెనీలకి విలువ పెరుగుతుంది.

నేను తెలుగు మీడియం, బెంగళూరులో నెట్టుకురాగలనా?

మొదటి మూడు నాలుగు నెలలు కష్టం, తర్వాత అలవాటవుతుంది. సబ్జెక్ట్ కంటే గ్రూప్ డిస్కషన్లో మాట్లాడటం దగ్గరే ఎక్కువ మంది కుంగిపోతారు. చేరేలోపు దొరికే రెండు నెలలు రోజూ అరగంట ఇంగ్లిష్ పేపర్‌లో బిజినెస్ పేజీ గట్టిగా పైకి చదవండి, ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. ఇంగ్లిష్ నేర్చుకోవడానికే పది లక్షల కాలేజీకి పోవాలి అనుకుంటే మాత్రం వద్దు.

ఆడపిల్లని అంత దూరం ఎందుకు అంటోంది మా అవ్వ, ఏం చెప్పాలి?

అవ్వ భయం అబద్ధం కాదు, కోప్పడొద్దు. కానీ ఇంట్లో అన్నకి బెంగళూరు, చెల్లెలికి తిరుపతి అని కొలత మారిస్తే మాత్రం నేను గట్టిగా అడ్డం పడతా. మంచి సీటు అయి, డబ్బు లెక్క కుదిరితే ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా ఒకటే జవాబు. అవ్వని, అమ్మని ఒకసారి హాస్టల్‌కి తీసుకుపోయి చూపించండి, వార్డెన్‌తో మాట్లాడించండి. మా పిన్ని అయితే అక్కడ మెస్‌లో భోంచేసి, పప్పు పల్చగా ఉందని చెప్పి, అయినా ఫర్వాలేదని ఒప్పుకుంది. మధ్యస్థంగా కావాలంటే వేలూరు ఉంది, చిత్తూరు నుంచి దగ్గరే, వీఐటీలో బీబీఏ బీకాం రెండూ ఉన్నాయి, ఫీజు మాత్రం ప్రైవేట్ ఫీజే.

## డబ్బు, లోను

ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండు చోట్లా వస్తుందా?

బెంగళూరు, చెన్నై ప్రైవేట్ కాలేజీకి మన రాష్ట్ర రీయింబర్స్‌మెంట్ వస్తుందనే లెక్క వేసుకోవద్దు. ఇక్కడ అయినా కన్వీనర్ కోటాలో ఆన్‌లైన్ అడ్మిషన్ ద్వారా వచ్చిన సీటుకే, మేనేజ్‌మెంట్ కోటాకి రాదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి. డబ్బు లేటుగా రావడం మామూలే, అప్పుడు కాలేజీ వాళ్ళు హాల్ టికెట్ ఇచ్చే ముందు ఫీజు అడుగుతారు, అందుకని ఒక సెమిస్టర్ ఫీజు చేతిలో పెట్టుకోండి. క్యాస్ట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్లు రిజల్ట్స్ రాకముందే సచివాలయంలో తీసుకోండి, జూన్‌లో లైన్లు పెద్దవి.

8 లక్షల లోన్ తీసుకుంటే నెలకి ఎంత కట్టాలి?

అందరూ ఈఎంఐ కాలిక్యులేటర్‌లో 8 లక్షలు, 10.5 శాతం, పదేళ్ళు అని కొట్టి నెలకి 10,800 అని చూసుకుంటారు. అది తప్పు లెక్క. చదివే మూడేళ్ళు, ఆ తర్వాత ఒక ఏడాది కట్టక్కర్లేదు అంటారు కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మూడేళ్ళలో మూడు సమాన వాయిదాలుగా డబ్బు తీసుకుంటే మొదటి దాని మీద నాలుగేళ్ళు, రెండో దాని మీద మూడేళ్ళు, మూడో దాని మీద రెండేళ్ళు వడ్డీ పడుతుంది. అదంతా దాదాపు 2.5 లక్షలు. కట్టడం మొదలుపెట్టే రోజుకి అప్పు పదిన్నర లక్షలు అయి కూర్చుంటుంది, ఈఎంఐ 14,200 దగ్గరికి వస్తుంది, పదేళ్ళలో కట్టేది 17 లక్షలు.

మొదటి ఉద్యోగంలో చేతికి 25 వేలు వచ్చి, అందులో 14 వేలు బ్యాంకుకి, 8 వేలు పీజీ హాస్టల్‌కి పోతే మిగిలేది మూడు వేలు. ఆ మూడు వేలతో నెలంతా తిని, బస్సెక్కి, పండక్కి ఇంటికి రావాలి. మా చెల్లెలు మొదటి ఏడాది ఇట్లాగే ఉండింది, నెలాఖర్లో నాకు ఫోన్ చేసి "అక్కా, రెండు వేలు పంపుతావా" అనేది, మళ్ళీ ఒకటో తారీఖు పంపేసేది.

ఇంట్లో వీలైతే చదివేటప్పుడే వడ్డీ కట్టేయండి. ఈ లెక్కలో మొదటి ఏడు నెలకి 2,300, రెండో ఏడు 4,700, ఆ తర్వాత 7,000 అవుతుంది. అప్పుడు ఈఎంఐ 10,800 దగ్గరే ఆగుతుంది, కొన్ని బ్యాంకులు ఇట్లా కట్టేవాళ్ళకి వడ్డీలో 1 శాతం దాకా తగ్గిస్తాయి కూడా.

మాకు ఆస్తి లేదు, బ్యాంకు లోన్ ఇస్తుందా?

సాధారణంగా 4 లక్షల దాకా ష్యూరిటీ అడగరు, 7.5 లక్షలు దాటితే ఇల్లో పొలమో తాకట్టు అడుగుతారు. 2024 నవంబర్‌లో కేంద్రం ఒప్పుకున్న పీఎం విద్యాలక్ష్మి పథకంలో అయితే లిస్ట్‌లో ఉన్న మంచి విద్యాసంస్థల్లో సీటొస్తే తాకట్టు, ష్యూరిటీ లేకుండా ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా లోన్ మీద, కట్టడం మొదలయ్యే దాకా 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. మీ కాలేజీ ఆ లిస్ట్‌లో ఉందా అని ముందు చూడండి, అంత ఫీజు అడిగే కాలేజీ లిస్ట్‌లో లేకపోతే అది కూడా మీకొక సమాచారమే. లోన్ మీద కట్టే వడ్డీకి ఎనిమిదేళ్ళ దాకా ట్యాక్స్ మినహాయింపు ఉంది, పాత ట్యాక్స్ విధానంలో ఉన్న వాళ్ళకి మాత్రమే.

బ్యాంకు చుట్టూ తిరగలేం, బంగారం కుదవ పెట్టి కట్టేద్దామా?

మొదటి వాయిదాకి అయితే సరే, మూడేళ్ళకీ బంగారమే అంటే వద్దు. గోల్డ్ లోన్‌కి చదువు అయ్యేదాకా ఆగే పద్ధతి లేదు, గడువుకి వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి, తప్పితే వేలానికి పోతుంది. చీటీ ఎత్తి కట్టేవాళ్ళు కూడా ఉన్నారు, మధ్యలో ఎత్తితే ఎంత కోత పడుతుందో లెక్కేసుకోండి.

మామిడి తోటలున్న ఇళ్ళకి ఒక మాట. ఒక ఏడాది తోతాపురి బాగా పలికిందని ఆ ధైర్యంతో మూడేళ్ళ ఫీజుకి ఒప్పుకోవద్దు. 2025లో రేటు పడిపోయి ప్రభుత్వం కిలోకి 4 రూపాయలు సాయం ఇవ్వాల్సి వచ్చింది, కాయ తోలిన ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి నిలబడినాయి. ఆ డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో తెలియదు, కాలేజీ ఫీజు తేదీ మాత్రం ఆగదు. పాల డబ్బులు నెలనెలా వచ్చే ఇల్లయితే ఆ డబ్బులో ఎంత మిగులుతుందో దాన్ని బట్టే ఫీజు అనుకోండి.

## ఫీజు కట్టే ముందు

సీటు బ్లాక్ చేయడానికి ఈ రోజే 50 వేలు కట్టమంటున్నారు, కట్టాలా?

"ఈ రోజే" అన్న చోట ఒక రాత్రి ఆగండి. కట్టాల్సే వస్తే రశీదు కాలేజీ పేరు మీద తీసుకోండి, ఏజెంట్ పేరు మీద ఫోన్‌పే కొట్టొద్దు. యూనివర్సిటీలు, కాలేజీల మీద నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారం, అడ్మిషన్ చివరి తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే మొత్తం వెనక్కి ఇవ్వాలి, ప్రాసెసింగ్ కింద 5 వేలకి మించి పట్టుకోకూడదు. 15 రోజుల లోపు అయితే 90 శాతం, తేదీ దాటి 15 రోజుల్లోపు 80, నెల లోపు 50, ఆ తర్వాత సున్నా. తర్వాతి ఏళ్ళలో యూజీసీ ఇంకా ఎక్కువ టైమ్ ఇస్తూ వచ్చింది కాబట్టి ఆ ఏడాది నోటీసు చూడండి. మానుకుంటున్నామని ఫోన్‌లో చెప్తే సరిపోదు, తేదీ ఉండేలా మెయిల్ పెట్టండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయమంటున్నారు, ఇవ్వొచ్చా?

చూపించి, జిరాక్స్‌లు ఇచ్చి, ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. ఒరిజినల్స్ కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ స్పష్టంగా చెప్పింది. నాకు ఇది తెలియక ఒక కాలేజీలో టీసీతో పాటు పదో తరగతి మెమో కూడా ఇచ్చేసినా. పది రోజులకి ఇంకో కాలేజీలో సీటొస్తే, మెమో కావాలంటే మూడేళ్ళ ఫీజు కట్టి తీసుకుపో అన్నారు. మా నాయన షాపు మూసుకుని నాలుగు రోజులు ఆ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నాడు, మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే, టిఫిన్ బాక్సులో. ఐదో రోజు ఇచ్చినారు. మీ నాయనకి ఆ అవసరం రాకూడదనే ఇది రాస్తున్నా.

క్యాంపస్ చూడటానికి పోతే ఏం చూడాలి?

కౌన్సెలర్‌ని వదిలిపెట్టి బయట టీ కొట్టు దగ్గర సెకండియర్, థర్డ్ ఇయర్ పిల్లలతో మాట్లాడండి. పోయిన సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేసినావు, ఎవరు ఇప్పించినారు, వాళ్ళు డబ్బిచ్చినారా నువ్వే సర్టిఫికెట్ కొనుక్కున్నావా అని అడగండి. ఫీజు కాక ఇంకేం కట్టించుకున్నారో కూడా అడగండి. అరగంటలో అంతా తెలిసిపోతుంది.

## చేరిన తర్వాత

ఇక్కడే చేరినా, పెద్ద కాలేజీ వాళ్ళకి తీసిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

మన డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లు తప్పనిసరిగా పెట్టినారు, ఒక సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్‌కే. ఎక్కువ మంది ఎక్కడో ఒక సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చేస్తారు. అక్కడే పోగొట్టుకుంటారు. నేను ఒక ఆడిటర్ ఆఫీసులో కూర్చున్నా. మొదటి నెల బిల్లులు తేదీల ప్రకారం పేర్చడం, పంచింగ్ మెషీన్‌తో చిల్లులు వేసి ఫైల్‌లో పెట్టడం, అంతే పని, ఏడుపొచ్చేది. మూడో నెలకి నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నులు, 11వ తారీఖు జీఎస్టీఆర్ 1, 20వ తారీఖు 3బీ, నేనే రెడీ చేసి సార్‌కి చూపించేదాన్ని. ఒకసారి ఒక స్వీట్ షాపు బిల్లుల్లో అదే ఇన్‌వాయిస్ రెండుసార్లు ఎక్కి ఉంటే పట్టుకున్నా, ఆ రోజు సార్ నా ముందే క్లయింట్‌కి ఫోన్ చేసి "మా అమ్మాయి పట్టుకుంది" అన్నాడు. ఉద్యోగం ఇంటర్వ్యూలో నన్ను కాలేజీ గురించి ఒక్క ప్రశ్న అడిగినారు, ఈ పని గురించి ఇరవై నిమిషాలు అడిగినారు.

మన చుట్టూ చోట్లకి కొదవ లేదు. కరకంబాడిలో అమరరాజా ఉంది, సత్యవేడు వైపు శ్రీసిటీలో కార్లు, ఏసీలు, చాక్లెట్లు చేసే కంపెనీలు ఉన్నాయి, చిత్తూరు చుట్టూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు సీజన్‌లో మనుషులు చాలక ఇబ్బంది పడతాయి, తిరుపతిలో హోటళ్ళు, ట్రావెల్స్ ఏడాది పొడుగునా నడుస్తాయి. నేరుగా పోయి హెచ్ఆర్‌ని అడగండి, పది చోట్ల అడిగితే రెండు చోట్ల రమ్మంటారు. ఎక్సెల్, ట్యాలీ బాగా రావాలి. వీలైతే మొదటి ఏడాదిలోనే సీఏ ఫౌండేషన్‌కో క్యాట్‌కో కొంచెం కొంచెం మొదలుపెట్టండి, ఇంట్లో ఉండి చదివే వాళ్ళకి దొరికే టైమ్ హాస్టల్ వాళ్ళకి దొరకదు.

ఏడాది చదివి వేరే కాలేజీకి మారొచ్చా?

చదివిన సబ్జెక్టుల క్రెడిట్లు ఆన్‌లైన్‌లో దాచిపెట్టే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లో వచ్చినప్పటి నుంచి కాగితం మీద దారి ఉంది. మీరు పోవాలనుకునే కాలేజీలో రెండో ఏడాదిలో ఖాళీ ఉండి, వాళ్ళు మీ క్రెడిట్లు ఒప్పుకుంటేనే అవుతుంది, చాలా చోట్ల ఒప్పుకోరు. మారొచ్చులే అని చేరొద్దు.

పెద్ద కాలేజీలో చేరిపోయినా, ఇంట్లో డబ్బు కష్టంగా ఉందని ఇప్పుడు తెలిసింది, ఏం చేయాలి?

ముందు సిగ్గుపడకుండా కాలేజీ అకౌంట్స్ ఆఫీసుకి పోయి రాతపూర్వకంగా వాయిదాలు అడగండి, చాలా కాలేజీలు ఒప్పుకుంటాయి. మెరిట్ స్కాలర్‌షిప్, అవసరం చూసి ఇచ్చే స్కాలర్‌షిప్ రెండిటికీ అప్లై చేయండి, రెండో రకం ఉన్నట్టు నోటీస్ బోర్డ్‌లో పెట్టరు, అడిగిన వాళ్ళకే చెప్తారు. చదువు మధ్యలో కూడా ఎడ్యుకేషన్ లోన్ తీసుకోవచ్చు, మిగిలిన సెమిస్టర్లకి ఇస్తారు. హాస్టల్ కంటే నలుగురు కలిసి రూమ్ తీసుకుని వండుకుంటే తక్కువ పడుతుందేమో చూడండి. మా చెల్లెలు మూడో సెమిస్టర్ నుంచి అట్లే చేసింది, ఇంటి నుంచి నెలకి ఒకసారి మా పిన్ని రాత్రి బస్సులో ఊరగాయ, పొడులు, ఐదు కిలోల బియ్యం డ్రైవర్ చేతికిచ్చి పంపేది, పొద్దున్నే చెల్లెలు స్టాప్‌కి పోయి తీసుకునేది.

అన్నిటికంటే ముందు ఇంట్లో నాయనతో కూర్చుని మిగిలిన సెమిస్టర్లకి ఎంత కావాలో ఒక కాగితం మీద రాయండి. మీకు తెలిస్తే బాధపడతారని నాన్నవాళ్ళు చెప్పరు, ఇంట్లో బాధపడతారని మీరు అడగరు, ఆ మధ్యలో వడ్డీకి తెచ్చేది ఎవరికీ తెలియకుండా పెరుగుతుంది. ఈ ఆదివారమే ఫోన్ చేసి అడగండి.